అద్దాలెత్తిన కారు

ఈ ఎండాకాలం అమరచింత దిక్కు నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు, నేను వెనక చక్రం విప్పుతుంటే పక్కన స్టూలు మీద కూర్చుని, బోర్లు వేసే బోరుబండాయన పోయాడని చెప్పాడు. మధ్యాహ్నం అన్నం తిని అరుగు మీద నడుం వాల్చాడట. చాయకు లేపితే లేవలేదట. అంత మాత్రం చెప్పి డ్రైవరు ఫోను చూసుకోవడంలో పడ్డాడు. నేను చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి, రాడ్డు చేతిలో పట్టుకుని, ఏం చేస్తున్నానో మరిచిపోయి కాసేపు అట్లాగే కూర్చున్నాను.

మొహం కంటే ముందు నాకు గొంతు గుర్తుకొచ్చింది. గొంతులు అనాలి. ఆయనకు రెండుండేవి. కారు బయట ఉన్నప్పుడు ఒకటి, కారులో ఉన్నప్పుడు ఒకటి.

గద్వాలలో మాది టైర్ల దుకాణం. మా అబ్బా సైకిలు పంచర్లతో మొదలుపెట్టాడు. నా చేతికి వచ్చేసరికి జీపులు, ట్రాక్టర్లు, లారీల దాకా పెరిగింది. రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేండ్లయిన కరువు కాలం అది. ఒక మధ్యాహ్నం నేను దుకాణం ముందు కూర్చుని జీపు ట్యూబుకు అతుకు వేస్తున్నాను. తల ఎత్తేసరికి నా ముందు నల్లటి పొడుగాటి కారు ఆగి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. వచ్చిన చప్పుడు లేదు, ఆగిన చప్పుడు లేదు. ఎండకు రోడ్డంతా ఆవిరిలాగా ఊగుతుంటే, ఆ ఆవిరిలో నుంచే తయారై నిలబడ్డట్టుంది.

అందులో నుంచి దిగిన మనిషిని చూస్తే కారు ఆయనదని ఎవరూ అనుకోరు. తెల్ల ధోతి, మోచేతుల దాకా మడిచిన తెల్ల చొక్కా, యాభై దాటిన వయసు. చెవుల మడతల్లో, కనుబొమ్మల్లో సన్నటి బూడిదరంగు దుమ్ము. కడిగితే పోయే దుమ్ము కాదు. బోరు వేసే బండి దగ్గర ఏండ్ల తరబడి నిలబడినవాళ్లకు అట్లా పట్టేస్తుంది.

"భాయ్, ముందర ఎడమ చక్రంల గాలి తగ్గినట్టుంది, జూడు" అన్నాడు. రోడ్డవతల హోటలు వాళ్లు కూడా తిరిగి చూసేటంత గట్టిగా అన్నాడు.

కంటికి చక్రం బాగానే ఉంది. మీటరు పెడితే నిజంగానే కొంచెం తక్కువ చూపించింది. ఎంత కొట్టాలో నాకు తెలియదని ఒప్పుకున్నాను. అంత వెడల్పు, అంత పొట్టి పక్కగోడ ఉన్న టైరును అప్పటి దాకా నేను ముట్టుకోలేదు. ఆయన డ్రైవరు తలుపు తెరిచి, తలుపు మూసుకునే చోట అంటించిన చిన్న కాగితం చూపించాడు. ముందరికి ఎంత, వెనకకు ఎంత, ఇద్దరు కూర్చుంటే ఎంత, బండి నిండా ఉంటే ఎంత అని అందులో బొమ్మలతో ఉంది.

"తయారు చేసినోడు మనిషి బరువు గూడ ఆలోచన చేసిండు, చూసినవా" అన్నాడు, ఆ సంగతికి తానే ఇంకా ఆశ్చర్యపోతున్నట్టు.

గాలి కొట్టడం అయ్యాక లోపలికి వచ్చి కూర్చోమన్నాడు. చేతులకు గ్రీజు ఉందని చెప్పాను. ఏం కాదన్నాడు. నేను పక్కన కూర్చున్నాక, స్టీరింగు ముందు నుంచి చేయి చాచి నా వైపు తలుపు దగ్గరికి లాగాడు. చివరి అంగుళం అది తనంతట తానే లాక్కుని మూసుకుంది. అంతే, గద్వాల నోరు మూతపడింది. ఎదురుగా ఎద్దులబండి పోతోంది, మెడల్లో గంటలు ఊగుతున్నాయి, మోత లేదు. హోటలు ముందు ఇద్దరు దేనికో కొట్లాడుకుంటున్నారు, నోళ్లు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఎవరో నన్ను నీళ్ల అడుగుకు దింపి అక్కడి నుంచి బజారును చూపిస్తున్నట్టుంది.

అప్పుడు ఆయన గుసగుసగా, "ఇంటున్నవా" అన్నాడు.

"ఏమీ ఇనపడ్తలేదన్నా."

"అదే." కండ్లు మూసుకున్నాడు. "చిన్నప్పటి సంది కంప్రెసరు పక్కన నిలబడ్డ. బండి బంద్ చేసినా చెవుల బోరు నడుస్తనే ఉంటది. పెండ్లిల గూడ, నిద్రల గూడ. సప్పుడు లేని కాడ ఇంకా ఎక్కువైతదని దవాఖానల చెప్పిండ్రు. నాకైతే దీంట్ల కూసుంటే తక్కువైతది."

బయట అంత గట్టిగా అరిచే మనిషి, లోపల పడుకున్న పసిబిడ్డ పక్కన మాట్లాడినట్టు మాట్లాడాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ కారు ఎక్కానో, ప్రతిసారీ అంతే.

ఆయనకు రెండు బోరుబండ్లుండేవి. మల్దకల్, ఇటిక్యాల, ఆ దిక్కు వనపర్తి, నాగర్‌కర్నూల్ దాకా ఆయన తవ్వని మెట్ట లేదనేవాళ్లు. కారు మాత్రం హైదరాబాదులో ఎవరో పెద్దమనిషి వాడి వదిలేసినది, విదేశీ కంపెనీది. పేరు నాకు ఇప్పటికీ నోరు తిరగదు.

ఆ కారులో ఏమేం ఉన్నాయో ఆయనకు అన్నీ తెలుసు. వాడిన తీరు మాత్రం ఆయనదే. పన్నెండు స్పీకర్లుంటే ఒక్కదాన్నీ మోగనివ్వలేదు. "పన్నెండు నోర్లు పెట్టిండ్రు. ఒక్కటి గూడ తెరువలే" అని గొప్పగా చెప్పుకునేవాడు. హారను ముట్టుకోడు. గొర్రెల మంద అడ్డం వస్తే, అది తనంతట పక్కకు తిరిగేదాకా వెనకాలే గొర్రెలతో సమానంగా నడిపించుకుంటూ పోయేవాడు. ఏదైనా దగ్గరికొస్తే కూతపెట్టే యంత్రం ఒకటి ఉంటే, దాని నోరు హైదరాబాదులోనే కట్టించుకొచ్చాడు. సీటు వేడెక్కే మీట ఇంకొకటి. బయట ఎండ నలభై నాలుగని ఎదురుగా అంకె చూపిస్తుంటే, ఆయన నడుము నొప్పికి ఆ మీట నొక్కుకుని, పైనుంచి చల్లగాలి పెట్టుకుని, అటు చలికాలమూ ఇటు ఎండాకాలమూ రెండూ తనవే అన్నట్టు కూర్చునేవాడు.

వాన చుక్క పడితే తనంతట తానే తుడిచే వైపర్లంటే ఆయనకు మరీ ఇష్టం. కానీ ఆ రెండేండ్లు వానలే లేవు. ఒక శ్రావణంలో రాయచూరు దిక్కు నుంచి మబ్బు లేచింది. ఆయన కారు మా దుకాణం ముందు ఆపి, ఇంజను నడుస్తుండగానే నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇద్దరం అద్దం వైపు చూస్తూ కూర్చున్నాం. మబ్బు మెల్లగా మా మీదికి వచ్చింది. దుకాణం, రోడ్డు, కారు ముందు భాగం అన్నీ నీలంగా మారిపోయాయి. ఒక్క చుక్క పడింది. ఒకే ఒక్కటి. వైపరు లేచి, అద్దం మీద ఒక చుట్టు తిరిగి, దుమ్మును అర్ధచంద్రంలాగా పూసి మళ్లీ పడుకుంది. మబ్బు అలంపురం దిక్కు సాగిపోయింది. ఆయన ఆ మరకను వారం దాకా ఎవరినీ కడగనివ్వలేదు.

ఆయన భార్యను నేను ఒక్కసారే చూశాను, ఏదో పెండ్లికి పోతూ వెనక సీట్లో. ఆమె అద్దం దించి నాతో, "ఇంట్ల నా మాట ఇనపడదు, దీంట్ల నన్ను మాట్లాడనియ్యడు. ఇగ నేను చెప్పేదెప్పుడు, తమ్మీ" అంది. ఆయన ముందు చూస్తూ నవ్వాడు.

నేలను చూసే ఆయన చూపు కూడా వేరు. ఎక్కడ నిలబడినా కాలి బొటనవేలితో మట్టి గీకేవాడు. "నీ దుకాణం కింద నల్లరాయి ఉంది భాయ్, మంచి గట్టి రాయి, భయం లేదు" అని ఒకసారి నాకు ధైర్యం చెప్పాడు. బోరు నడిచేటప్పుడు పైకి లేచే రాతిపిండిని వేలితో తీసి నాలుక మీద పెట్టుకునేవాడు. నీళ్లు దగ్గరుంటే చల్లగా తగులుతుందట, లేకుంటే నాలుకకు అతుక్కుపోతుందట. ఆ నాలుక తప్పడం తాము ఎన్నడూ చూడలేదని ఆయన దగ్గరి కూలీలు చెప్పేవాళ్లు. నేను నవ్వుతూ వినేవాణ్ని.

ఒకరోజు ఆ కారు స్టెప్నీ చక్రం మీద, నడిచే మనిషి కంటే కొంచెమే వేగంగా వచ్చింది. ఆయన దిగి, డిక్కీలో నుంచి టైరు తీసి నా ముందు వేశాడు.

"ముల్లు గుచ్చుకుంది" అన్నాడు.

టైరు తిప్పి చూశాను. పక్కగోడలో రెండు వేళ్ల పొడుగు గీత. అంచులు తిన్నగా, నునుపుగా ఉన్నాయి. వేలు పెడితే లోపలికి పోయింది. ఇరవై ఏండ్లుగా నా చేతిలోకి వచ్చిన ప్రతి రంధ్రమూ తనకేమైందో చెప్తుంది. తుమ్మముల్లు ఒక తీరు, గుర్రపునాడా మేకు ఒక తీరు, పగిలిన సీసా ఒక తీరు. ఇది వాటిలో ఏదీ కాదు.

"ముల్లు గీత గీయదన్నా. ఇది కత్తి. ఎవడో కావాలని కోసిండు."

ఆయన నా వైపు కాసేపు చూశాడు. వినపడలేదేమో అనుకుని నేను మళ్లీ చెప్పబోయాను. చేయి అడ్డం పెట్టాడు.

"ఎవరన్న అడిగితే ముల్లు అని చెప్పు" అన్నాడు. గొంతు తగ్గించడానికి చాలా కష్టపడ్డాడు.

పక్కగోడ కోతకు అతుకు నిలవదు. అవతలి పక్క చక్రం గోడ కూడా ఉబ్బి ఉంది. స్టెప్నీ రబ్బరు పాతబడి పగుళ్లు తేలింది. అట్లాంటి చక్రాల మీద జూరాల ఆనకట్ట దాటి అమరచింతలో ఆయన ఇంటి దాకా పోనివ్వనని చెప్పాను. ఆ సైజు టైర్లు గద్వాలలో లేవు, వనపర్తిలో లేవు, కర్నూలులో అడిగితే నవ్వారు. హైదరాబాదులో ఒక దుకాణం వాడు తెప్పిస్తానని చెప్పి, వారం అన్నాడు, మళ్లీ వారం అన్నాడు. అన్నాళ్లూ ఆ కారు మా దుకాణం పక్కన రేకుల నీడలో నిలబడి ఉంది.

ఆయన రోజూ వచ్చేవాడు. అమరచింత నుంచి పదిగంటల బస్సుకు వచ్చి, నాకు చేయి ఊపి, కారులో కూర్చుని అద్దాలన్నీ ఎత్తుకునేవాడు. గంటసేపు. ఎక్కడికీ పోని కారులో ఎటో ప్రయాణం చేస్తున్నట్టు స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ముందుకు చూసేవాడు. ముందు మా రేకుల గోడ తప్ప ఏమీ లేదు. దుకాణానికి వచ్చినవాళ్లు మొదట్లో నవ్వారు, తర్వాత అలవాటు పడ్డారు. కొన్నిరోజులకు ఆ నల్లటి అద్దాల వెనక ఒక మనిషి ఉన్నాడన్న సంగతి నాకే మతికి ఉండేది కాదు.

పదిహేను రోజులయ్యాక ఒకనాడు అద్దం మీద వేలితో తట్టి నన్ను పిలిచాడు. పోయి పక్కన కూర్చున్నాను. తలుపు లాక్కుని మూసుకుంది.

"కోసినోన్ని చూసిన భాయ్" అన్నాడు.

మల్దకల్‌లో బంధువుల పెండ్లట. ఎండకు తాళలేక కారులోకి వచ్చి, పక్క తెరలు లాక్కుని, చల్లగాలి పెట్టుకుని వెనక సీట్లో పడుకున్నాడు. ఎవరో చక్రం దగ్గర వంగినట్టనిపించి తెర సందులో నుంచి చూశాడు.

"ఒక పిల్లగాడు. మల్దకల్ అవతలి పల్లె. వాని చేన్ల నాలుగు బోర్లేసిన. నాలుగూ పోయినయి. ఎడ్లను గూడ అమ్ముకున్నడు."

"నువ్వు లోపల ఉన్నట్టు చూడలేదా?"

"లే. పెండ్లి బ్యాండు మోగుతుండె, ఇంజను నడుస్తున్నది గూడ వానికి తెల్వలే. కత్తి దింపుతుండు. నోరు కదులుతుంది. పెద్దగనే అంటుండు, మెడ నరాలు లేస్తున్నయి. నాకు ఒక్క మాట ఇనపడ్తలేదు. అద్దం దించుదామని బటను మీద ఏలు పెట్టిన. దించలే. కారు మెల్లగ ఒక దిక్కు ఒరిగింది. వాడు లేచి పోయిండు."

నేను రేకుల గోడ వైపు చూశాను.

"తిట్టి ఉంటడన్నా. అంతకంటే ఏమంటడు."

"తిడితే తిట్టనీ. ఏమని తిట్టిండో తెల్వాలె గద."

ఆ మాటను ఆయన మూడుసార్లు అన్నాడు.

టైర్లు వచ్చాయి. రెండు, వేరే కంపెనీవి. బిగించి, ఊగకుండా సరిచూసి, ఆ కాగితంలో రాసినట్టు గాలి పెట్టి ఇచ్చాను. మర్నాడే తిరిగి వచ్చాడు. అరవై దాటితే కొత్త టైర్లు సన్నగా మోత పెడుతున్నాయన్నాడు. "పాతవి మాట్లాడకపోతుండె. ఇవి ఏదో అంటున్నయి. నువ్వొచ్చి ఇను." నేను దుకాణం మా తమ్ముడికి అప్పజెప్పి కారెక్కాను.

మోత నిజమే, చాలా దూరంలో ఎవరో బావిలోకి వంగి పాడుతున్నట్టు. నేను దాన్నే వింటూ కూర్చున్నాను. ఎర్రనేలలు, రాళ్ల గుట్టలు, ఆకులు రాల్చిన చెట్లు అద్దం పక్కనుంచి జారిపోతున్నాయి. పొలాల్లో అక్కడక్కడా రాయి కప్పిన ఇనుప గొట్టాలు కనబడ్డాయి, ఒక్కోటి ఒక్కో వట్టి బోరు. ఆయన వాటిని లెక్కపెట్టడం లేదు కానీ, ప్రతి గొట్టం దగ్గరా కారు కొంచెం నెమ్మదించేది. మల్దకల్ దాటాక తారురోడ్డు వదిలి బండ్లబాట పట్టాడు. టైర్ల మోత అక్కడ వినపడదు. అప్పుడర్థమైంది నాకు, ఆయన నన్ను ఎందుకు తెచ్చుకున్నాడో. ఒక్కడే రాలేకపోయాడు.

పల్లె చివరి ఇల్లు. పెరట్లో ఒక బర్రె. ఒక ముసలామె కంది కట్టె విరుస్తోంది. కారును చూసింది, మనిషిని చూసింది, మళ్లీ కట్టె విరిచింది.

"కొడుకున్నడా అవ్వా" అని ఆయన తన బయటి గొంతుతో అడిగాడు.

"కూలికి పోయిండు. పొద్దు వాలినంక వస్తడు."

"ఉంట మరి."

"ఉండు. ఇంట్ల కూసోమని మాత్రం అనను."

"అనకు అవ్వా."

ఆయన ఎండలోనే నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. ముసలామె కట్టె విరవడం అయిపోయింది, పేడ ఎత్తడం అయిపోయింది. మా ఇద్దరి వైపు చూసి, "అంత పెద్ద కారు పెట్టుకొని ఎండల నిలబడుడేంది" అంది.

"నువ్వు కూసుంటే నేను గూడ కూసుంట."

ఆమె కారు దగ్గరికి వచ్చి, నల్లటి రేకు మీద అరచేయి పెట్టి, వేడికి కాలడంతో తీసేసింది. ఆయన వెనక తలుపు తెరిచి, ఇంజను వేసి, చల్లగాలి పెట్టాడు. ఆమె కాళ్లు బయటికి వేసి అంచు మీద కూర్చుంది. తర్వాత కాళ్లు లోపలికి తీసుకుంది. తర్వాత తల వెనక్కి వాల్చింది. ఆయన తలుపు దగ్గరికి వేస్తే అది శబ్దం లేకుండా మూసుకుంది. రెండు నిమిషాల్లో ఆమె నిద్రపోయింది. నోరు తెరుచుకుని, ఒక చేయి సీటు మీద వెల్లకిలా పెట్టి, ఏండ్లుగా నిద్ర ఎరగని మనిషి పడుకున్నట్టు పడుకుంది.

ఆయన మాత్రం లోపలికి ఎక్కలేదు. తలుపు తీస్తే లేస్తుందన్నాడు. ఎండ వాలేదాకా కారు పక్కనే నిలబడ్డాడు. ఇంటి మీది కాకులు, పెరటి గోడ, ఆ నల్లటి కారు, అందులో నిద్రపోతున్న ముసలామె, ఏదీ నిజమనిపించలేదు నాకు. మేమే ఆమె కలలోకి వచ్చి నిలబడ్డామేమో అనిపించింది.

కొడుకు వచ్చాడు. పాతికేండ్లుంటాయి. భుజం మీద పార. కారును చూసి ఆగాడు, లోపల తల్లిని చూసి పార దించాడు.

"మా అవ్వకేమైంది?"

"పండుకుంది. లేపకు" అన్నాడు బోరుబండాయన.

కుర్రవాడు ఆయన వైపు, కొత్త టైరు వైపు, నా చేతుల గ్రీజు మరకల వైపు చూశాడు. మేము ఎందుకు వచ్చామో తెలిసిపోయిందని వాని మొహమే చెప్పింది.

"నేనే కోసిన. ఏం చేస్తవో చెయ్."

"తెలుసు. ఆ పొద్దు లోపల్నే ఉన్న. నువ్వేదో అన్నవు. అద్దాలెత్తి ఉండె, ఇనపడలే. ఏమన్నవో చెప్పు, ఇని పోత."

వాడు పార కర్ర మీద బొటనవేలితో రుద్దుతూ ఉన్నాడు. తర్వాత నేలను చూస్తూ చెప్పాడు. ఆయనకు వినపడలేదు. నన్ను చూశాడు. నేను ఆయన చెవి దగ్గర గట్టిగా మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

"నిన్ను తిట్టలేదంటుండన్నా. తననే తిట్టుకున్నడంట. మూడు పోయినంక వాళ్లవ్వ వద్దన్నదంట. ఎడ్లుండనియ్ బిడ్డా అన్నదంట. తను ఇనలేదంట. కోసేటప్పుడు అదే అనుకుంట కోసిండంట. నీకు బుద్ధి లేదు, నీకు బుద్ధి లేదు అని."

బోరుబండాయన కారు మీద చేయి వేసి నిలబడ్డాడు. ఆయన మొహంలో రంగు పోవడం దుమ్ము కింద నుంచి కూడా కనబడింది. ఆ తర్వాత ఆయన మాట్లాడింది తన బయటి గొంతుతోనే. ఆయనకు ఇంకో గొంతు లేదక్కడ. ఇండ్లలో నుంచి మనుషులు బయటికి వచ్చారు.

"మూడో బోరు నాడే నాకు తెలుసు, తమ్మీ. పిండి నాలుక మీద పెట్టుకున్న. అతుక్కుంది. మీ చేన్ల యాడ తవ్వినా నీళ్లు లేవు. తెలిసి నాలుగోది ఏసిన. బండి వచ్చి నిలబడ్డది గద అని, నువ్వు అడిగినవు గద అని ఏసిన. వద్దని చెప్పాల్సింది నేను. తప్పు నీది గాదు."

కుర్రవాడు పార ఎత్తాడు. నేను మధ్యలోకి పోయాను. వాడు పారను గోడకు ఆనించాడు, అంతే.

"ఈ మాట నాకు గాదు, మా అవ్వకు చెప్పు" అన్నాడు.

చెప్పనక్కర్లేకపోయింది. ఆమె తలుపు తెరుచుకుని, ఒక కాలు నేల మీద పెట్టి వింటోంది. ఎప్పటి నుంచి వింటోందో. కొంగు సర్దుకుని దిగింది. బోరుబండాయన ముందు నిలబడి, తల ఎత్తి, వినపడేటట్టు గట్టిగా చెప్పింది.

"రెండేండ్ల సంది వాడు నా మొఖం చూసి బువ్వ తింటలేడు. ఇయ్యాల తింటడేమో. ఇగ నువ్వు పో. బర్రెకు నీళ్లు పెట్టాలె."

వచ్చిన బాటనే తిరిగి వచ్చాం. దారిలో నాలుగు అద్దాలూ దించేశాడు. దుమ్మంతా లోపలికి వచ్చి తెల్లటి సీట్ల మీద కూర్చుంది. మల్దకల్ దగ్గర తారురోడ్డు ఎక్కాక టైర్ల సంగతి అడిగాను, మార్పించమంటావా అని. "ఉండనీ" అన్నాడు.

ఆ తర్వాత ఆయన వ్యాపారం తగ్గిపోయింది. బోరు వేస్తూ వేస్తూ నాలుక మీద పిండి పెట్టుకుని, బండి ఆపించి, వద్దు అని చెప్పేవాడట. రైతులు వేరే బండి పిలిపించుకునేవాళ్లు. ఒక బోరుబండి అమ్మేశాడు, ఇంకొకటి అమరచింతలో ఇంటి ముందే తుప్పు పట్టింది. ఆ కుర్రవాడు ఇటిక్యాల దిక్కు కాలువ కింద కౌలుకు పట్టాడని ఎవరో చెప్పారు. పంట వచ్చిందో లేదో నాకు తెలియదు. తల్లి సంగతి కూడా తెలియదు. కారు మాత్రం ఇంకో మూడు నాలుగేండ్లు మా దుకాణానికి వచ్చేది, వచ్చినప్పుడల్లా అద్దాలు దించి.

నేను ఆయన్ను చివరిసారి చూసింది జూరాల మీద. పైన వానలు బాగా పడి గేట్లు ఎత్తిన సంవత్సరం అది. ఊళ్లు ఊళ్లే చూడటానికి వచ్చాయి. నేను ఆత్మకూరులో పని చూసుకుని మోటారు సైకిలు మీద వస్తున్నాను. ఆనకట్ట మీద కారు ఒక పక్కకు ఆగి ఉంది, ఆయన రెయిలింగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. కింద కృష్ణ తెల్లగా విరిగి పడుతోంది. తుంపర పొగలాగా లేచి వంతెన మీది మనుషులను కప్పుతోంది. అందరి మొహాలూ మెత్తగా, సగం చెరిగిపోయినట్టున్నాయి.

పక్కకు పోయి నిలబడ్డాను. చూసి తల ఊపాడు. ఆ హోరులో మాట్లాడే పని లేదు, ఆయనకూ నాకూ ఇద్దరికీ వినపడదు. కాసేపటికి నా కాళ్ల వైపు చేయి చూపించాడు. అర్థం చేసుకుని చెప్పులు విడిచాను. వంతెన సన్నగా అదురుతోంది. అరికాళ్ల నుంచి మోకాళ్ల దాకా, అక్కడి నుంచి పొట్టలోకి ఎక్కుతోంది ఆ అదురు.

ఆయన నా చెవి దగ్గరికి వంగాడు.

"నీళ్ల కోసం ఇన్నేండ్లు కిందికి తవ్విన భాయ్" అన్నాడు. "ఇది పైనకెల్లి పోతుంది, జూడు."